కణుపుల రంగు

రుఫిస్క్‌లో సిమెంటు ఫ్యాక్టరీ గాలి మా వీధికి మళ్లిన రోజు
ముందు తెర తుడుస్తాను, తర్వాతే ముఖాలు.
లేకపోతే దుమ్మునే రోగమనుకుని
నిక్షేపంగా ఉన్నవాళ్లకి వైద్యం చేసేస్తాను.

నా పని చిన్నది.
ఆకుపచ్చ టార్పాలిన్ కింద తీసిన పెళ్లి ఫొటోల్లో
గడ్డాల కింద చేరిన పచ్చదనాన్ని తోడిపోయడం,
ఫ్లాష్ కొట్టి పాలిపోయిన నుదుటికి
పక్క చెంప నుంచి కాస్త నునుపు అరువు తేవడం,
నీడలో నీలం ఉంటే ఉండనివ్వడం.
నలుపులో నీలం ఉంటుంది.
అది తెలియనివాడు వెలుతురు పెంచి పెంచి
మనిషిని బూడిద చేస్తాడు.
నేనూ చేశాను, మొదటి రెండేళ్లు.

నా మిషన్లో గుండ్రటి కొలత ఒకటుంది,
అందులో ఒక గీత.
పడవవాడి మెడ, లెబనాన్ దుకాణదారు చెవి,
మూడు రోజుల పాప అరికాలు,
ఏది పెట్టినా చుక్కలన్నీ ఆ గీత చుట్టూనే వాలతాయి
తీగ మీద పిట్టల్లా.
ఈ సంగతి గిరాకీలకి చెబితే
'సరేలే బిరామ్, ఇంకాస్త తెలుపు చెయ్' అంటారు.

గురువారం దియార్రా వచ్చింది.
తలగుడ్డ కొసన ముడేసిన పెన్‌డ్రైవు.
'అమ్మ. నలభయ్యో రోజుకి పెద్దది కావాలి.
రంగు సరిచెయ్యి, అంతే.'

తెరిచాను.
యాండే, ఎండుచేపల యాండే,
ట్యూబులైటు కింద కుర్చీలో,
తెల్ల బూబూ, ఒళ్లో రెండు చేతులు.
ముఖం పొట్టు తీసిన వేరుశెనగ గింజ.
ముప్ఫై ఏళ్ల క్రీము ఎక్కడెక్కడ గెలిచిందో
పటంలో చూపించినట్టు ఉంది.
ఓడింది ఒక్కచోట:
వేళ్ల కణుపుల మీద
పుట్టినప్పటి నలుపు పది ముద్దలుగా కూర్చుని ఉంది,
ఖాళీ చేయమంటే చేయని అద్దెదారులా.

ఎవరూ అడగలేదు. నేనే మొదలుపెట్టాను.
కుడిచేతి మధ్యవేలి కణుపు దగ్గర రంగు ముంచి
నుదుటికి, ముక్కుకి, పెదవి పైన గాటుకి,
పొరలు పొరలుగా, పలచగా.
మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది.
తెల్లవారే నమాజు పిలుపుకి
చీకట్లోంచి గట్టుకి చేరిన పడవలా
ఒక ముఖం వచ్చి ఆగింది.
ఆ ముఖం నాకు నచ్చింది. చాలా నచ్చింది.

దియార్రా నిలబడే చూసింది.
'ఈవిడెవరు?'
నేను కణుపుల సంగతి చెప్పాను, మెల్లగా,
చదువుకున్నవాడు చెప్పినట్టు.
'మా పెద్దమ్మలా ఉంది.
అమ్మ ఆ రంగుకి ముప్ఫై ఏళ్లు డబ్బు కట్టింది.
చేపలమ్మి, వాసన కడుక్కుని, వెళ్లి కట్టింది.
తప్పే. నేనూ పోట్లాడాను.
కానీ నేను పోట్లాడిన మనిషి ఆ ముఖంతో ఉండేది.
ఆ ఖాతా కొట్టేయడానికి నువ్వెవరు?'

నాకు కోపం వచ్చింది.
సిగ్గు తర్వాత వచ్చింది, కోపమే ముందు.
రాత్రంతా ఒక అన్యాయాన్ని కడుగుతున్నాననుకున్నాను మరి.

వెనక్కి, వెనక్కి, నలభై మూడు మెట్లు.
బూబూ మెడపట్టీ దగ్గర అసలైన తెలుపు చూసుకుని నొక్కాను.
గోడ మీది పచ్చదనం దిగింది,
ముఖం మీది ట్యూబులైటు దిగింది.
క్రీము దిగలేదు. దించలేదు.

'మరి చేతులు? ముఖంతో కలిపేయనా?'
మొదటిసారి నవ్వింది.
'వద్దు. చచ్చేదాకా వాటిని తిడుతూనే ఉండేది.
మాట వినలేదు కదా. ఉండనీ.'

ప్రింటు తడి ఆరాక
ప్లాస్టిక్ కవరు, దాని మీద తన తలగుడ్డ చుట్టి,
గాలికి వీపు తిప్పి నడిచి వెళ్లింది.

దాచేటప్పుడు ఫైలుకి 'సరిచేసినది' అని కొట్టి
ఒక్కో అక్షరం తుడిపేసి
'యాండే' అని పెట్టాను.
రాత్రి చేసింది కూడా ఉంది.
పారేయలేదు, చూపించను.
దానికింకా పేరు దొరకలేదు.